అనాఫీ: అందరూ తొక్కిన ఇసుక
(విశాఖపట్నంలో ఒక సాయంత్రం సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, పరీక్షల రోజులైనా వచ్చి కూర్చున్న పిల్లలకు నమస్కారం.

ఈ సభ పెట్టినవాళ్లు ఫోన్ చేసి, "గ్రీసులో ఎవరూ తాకని బీచులు చూసొచ్చారట కదా మేడమ్, వాటి గురించి చెప్పండి" అన్నారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ "ఎవరూ తాకని" అన్న మాట మనసులో గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటే గ్రీకులకూ సరిగ్గా అలాంటి మాటే ఉంది. 2024లో అక్కడి ప్రభుత్వం 198 తీరాల జాబితా ఒకటి ప్రకటించింది. ఆ తీరాల్లో గొడుగులు పాతకూడదు, అద్దె కుర్చీలు వేయకూడదు, పెద్ద పాటలు పెట్టకూడదు. వాటిని వాళ్లు "అపాతితెస్ పరాలియెస్" అంటారు. "పాతో" అంటే తొక్కుతాను అని అర్థం. అంటే తొక్కని తీరాలు.

నేను వెళ్లింది ఆ ఏడాది సెప్టెంబరులోనే. వెళ్లిన దీవి పేరు అనాఫీ. ఆరు రోజులున్నాను. ఆ ఆరు రోజుల్లో నాకు తెలిసొచ్చింది ఒక్కటే: అక్కడ తొక్కని ఇసుక లేదు. మూడు వేల ఏళ్లుగా అందరూ తొక్కారు. దేవుళ్లు, మేకలు, సన్యాసులు, ఖైదీలు, కాలేజీ కుర్రాళ్లు. తొక్కినా చెడలేదు. ఎందుకు చెడలేదన్నదే ఈ సాయంత్రం మీతో పంచుకోవాలనుకుంటున్నాను.

ముందు దీవి ఎక్కడుందో చెప్పాలి. భూగోళం చెప్పిన మనిషిని కదా, పటం లేకుండా మొదలుపెట్టలేను. ఏజియన్ సముద్రం దక్షిణాన సైక్లడీస్ అనే దీవుల గుంపు ఉంది. అందులో శాంటొరిని మీ అందరికీ తెలుసు. తెల్లని ఇళ్లు, నీలం గుమ్మటాలు, మన సినిమా పాటల్లోనూ చూశారు. దానికి తూర్పున పాతిక కిలోమీటర్ల లోపే ఉంటుంది అనాఫీ. 38 చదరపు కిలోమీటర్లు, మూడు వందల లోపు జనం. విమానాశ్రయం లేదు. ఏథెన్సు దగ్గరి పిరేయస్ రేవు నుంచి ఓడ ఎక్కితే దాదాపు ఒక రాత్రి ప్రయాణం, అదీ వారానికి కొన్ని రోజులే. మేము ఎక్కిన ఓడ శాంటొరినిలో ఆగినప్పుడు పెట్టెలు, జనం, కార్లు ఒక్కసారిగా దిగిపోయారు. డెక్కు మీద మా చెల్లెలు, నేను, ఒక ఫాదిరి, సరుకుల అట్టపెట్టెలతో నాలుగైదు కుటుంబాలు, వీపున గుడారాలు కట్టుకున్న కుర్రకారు కొంత మిగిలాం. అంతసేపూ పెద్ద బస్టాండులా మోగిన ఓడ ఒక్కసారిగా ఇల్లులా అయిపోయింది. గంటన్నరకల్లా ఎదురుగా కొండ.

ఆ కొండ ఎలా కనిపించిందో చెప్పే కథ ఒకటి గ్రీకుల దగ్గర ఉంది. ఆర్గో అనే ఓడలో జేసన్ అనే వీరుడు, అతని మనుషులు బంగారు గొర్రెచర్మం సంపాదించి ఇంటికి తిరిగొస్తున్నారు. క్రీటు దీవి దాటాక చీకటి కమ్మేసింది. చుక్క లేదు, చంద్రుడు లేడు, నీళ్ల మీద ఉన్నామో పాతాళంలో ఉన్నామో కూడా తెలియని చీకటి. జేసన్ చేతులెత్తి అపోలో దేవుణ్ణి ప్రార్థించాడు. అపోలో దిగివచ్చి ఒక బండ మీద నిలబడి విల్లు పైకెత్తాడు. ఆ విల్లు మెరుపులో ఒక చిన్న దీవి కనపడింది. కనపడింది కాబట్టి దానికి అనాఫీ అని పేరు పెట్టారట.

కథలో నాకు ఎంతో ఇష్టమైన చోటు ఆ తర్వాత వస్తుంది. తెల్లవారాక ఒడ్డున అపోలోకి బలిపీఠం కట్టారు. పూజకు మాత్రం ఏమీ లేదు. ఎద్దు లేదు, ద్రాక్షసారాయి లేదు. మండుతున్న కట్టెల మీద ఉత్త నీళ్లు పోశారు. జేసన్ పెళ్లాడి తెస్తున్న మెడియా వెంట ఉన్న దాసీలు రాజుగారింట్లో ఎద్దుల బలులు చూసి పెరిగిన పిల్లలు. ఈ నీళ్ల పూజ చూసి నవ్వు ఆపుకోలేకపోయారు. మగవాళ్లూ ఊరుకోలేదు, ఎదురు వేళాకోళం ఆడారు. అప్పటినుంచి అనాఫీలో అపోలో పూజ జరిగినప్పుడల్లా ఆడా మగా అలా సరసమాడుకోవడం ఆచారమైందని చెబుతారు. దేవుడికి పెట్టడానికి నీళ్లు తప్ప ఏమీ లేని తీరం అది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

రేవు కింద ఉంటుంది, ఊరు పైన ఉంటుంది. ఊరిని హోరా అంటారు. సముద్రమట్టానికి సుమారు 250 మీటర్ల ఎత్తున, కొండ వీపు మీద తెల్లటి ఇళ్లు. పైకప్పులు బల్లపరుపుగా కాకుండా బండి గూడులా గుండ్రంగా వంగి ఉంటాయి. దూలాలకు చెట్లు లేని చోట రాతితో కప్పు వేయాలంటే అలాగే వంచాలి. అలా కట్టి కట్టి ఈ దీవి తాపీమేస్త్రులు ఎంత ఆరితేరారంటే, 19వ శతాబ్దంలో ఓతో రాజుగారి కాలంలో ఏథెన్సు కొత్త రాజధానిగా లేస్తున్నప్పుడు పనికి అక్కడికి వలసపోయారు. అక్రోపోలిస్ కొండ కిందే తమ ఊరి ఇళ్ల వంటివి కట్టుకున్నారు. ఆ పేటను ఇప్పటికీ అనాఫియోతికా అంటారు. ఏథెన్సు వెళ్లేవాళ్లు ఆ సందులు తప్పక నడవండి. ఒక దీవి తన ఊరిని వీపున మోసుకుపోయి ఇంకోచోట దించుకున్నట్టు ఉంటుంది.

మేము దిగిన ఇంటామెకు డెబ్బై దాటి ఉంటాయి. ఇంగ్లీషు పది మాటలు వచ్చు, మాకు గ్రీకు ఆరు మాటలు వచ్చు. ఆమెను "కిరియా" అని పిలిచేవాళ్లం, అంటే అమ్మగారు అన్నట్టు. మొదటిరోజు పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని, గడ్డిటోపీ పెట్టుకుని ఎక్కడికో దిగిపోతోంది. "థాలసా" అంది. సముద్రానికట. ప్రతిరోజూ వెళుతుందట, అక్టోబరు దాకా. ఆమె వెళ్లేది క్లిసీదికి. ఊరికి దగ్గరి తీరం, కాలిబాటన దిగితే అరగంట లోపే.

క్లిసీది గురించి ఎక్కువ చెప్పను. అందంగా ఉంది, చెట్టు నీడ ఉంది, పైన భోజనం దొరుకుతుంది, దారీ ఉంది. దీవిలో సులువైన తీరం అదే. అసలు కథ దాని తూర్పు చివర, రాళ్ల మధ్యనుంచి కొండ ఎక్కే కాలిబాట దగ్గర మొదలవుతుంది.

అనాఫీ ఇసుక తీరాలు దాదాపు అన్నీ దక్షిణం వైపే వరసగా ఉంటాయి. అదీ కారణం లేకుండా కాదు. జులై, ఆగస్టుల్లో ఏజియన్ మీద ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి రోజుల తరబడి వీస్తుంది. ఉత్తర తీరాన్ని కొడుతుంది, దక్షిణాన్ని కొండ కాస్తుంది. క్లిసీది నుంచి తూర్పుకి కత్సూనీ, ఫ్లమూరు, రూకునాస్, కతాలిమాత్సా, మేగాస్ పొతామోస్, చివర మఠం కింది తీరం. వీటిని కలుపుతూ ఒకే కాలిబాట. ఒక కొమ్ము ఎక్కుతుంది, ఒక పాయలోకి దిగుతుంది, అక్కడ ఇసుక. మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది, మళ్లీ ఇసుక. వాహనాలు పోయే రోడ్డు చాలావరకు పైన కొండ నడుము మీదుగానే పోతుంది. కింది తీరం చేరాలంటే కాళ్లే దిక్కు. మంచినీళ్లు మోసుకెళ్లాలి, చెత్త మోసుకురావాలి. మోయలేనిది తీసుకెళ్లలేవు. ఈ తీరాలకు కాపలా ఏదైనా ఉందంటే మొదట అదే.

ఆ బాటకు రెండు పక్కలా సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు, ఎండిన థైమ్ పొదలు. చేత్తో నలిపితే మన వాము గుర్తొచ్చే వాసన. మందులాంటి ఘాటున్న తేనె అక్కడ ఆ పూలనుంచే వస్తుంది. ఒక మలుపు దగ్గర పొదలోంచి కౌజుపిట్టలు గుంపుగా లేచాయి. వాటికీ ఒక కథ ఉంది. పక్కదీవి ఆస్తిపాలియా నుంచి ఎవడో ఒక జత కౌజుల్ని తెచ్చి అనాఫీలో వదిలాడట. అవి పెరిగి పెరిగి జనం దీవి వదిలిపోవాల్సిన పరిస్థితి వచ్చిందట. ఊరుకుంటారా? ఒక అనాఫీవాడు జత కుందేళ్లను పట్టుకెళ్లి ఆస్తిపాలియాలో వదిలాడు. అక్కడివాళ్లు చివరికి వేటకుక్కల్ని పెట్టి ఒక్క ఏడాదిలో ఆరువేలకు పైగా కుందేళ్లను పట్టారని పాత గ్రీకు గ్రంథంలో రాసి ఉంది. రెండు పిట్టలు చాలు చిన్న దీవి తలకిందులు కావడానికి. తాకితే కందిపోయే నేల అది. అందుకే అక్కడివాళ్లు ఏది తెచ్చినా లెక్కగా తెస్తారు.

మొదటిసారి కొమ్ము మీదనుంచి కిందికి చూసినప్పుడు మా చెల్లెలు, "అక్కా, నీళ్లున్నాయా లేవా?" అంది. అడుగున ఒక్కో రాయి విడివిడిగా కనిపిస్తోంది. నీడ పడితే తప్ప నీళ్లున్నట్టు తెలియదు. మన సముద్రం ఎందుకు ఇలా ఉండదని ఇక్కడ చాలామంది అడుగుతారు, కొంచెం చిన్నబుచ్చుకుంటూ అడుగుతారు. దానికి జవాబు చెప్పే తీరతాను. ఆ దీవుల దగ్గరి సముద్రంలోకి చెప్పుకోదగ్గ పెద్ద నది ఏదీ రాదు. నది లేకపోతే ఒండ్రు లేదు. ఒండ్రుతో వచ్చే పోషకాలు లేకపోతే నీళ్లలో తేలే సూక్ష్మజీవులు తక్కువ. అవి తక్కువైతే నీళ్లు అద్దంలా ఉంటాయి, చేపలూ తక్కువే. మన బంగాళాఖాతంలోకి గంగ, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ వచ్చి పడతాయి. మనది మన్ను మోసే సముద్రం, అన్నం పెట్టే సముద్రం. ఆ నీలం చూసి మురిసిపోయాను, నిజమే. కానీ భీమిలి ఒడ్డున పుట్టినదాన్ని, మా నీళ్ల రంగు చూసి సిగ్గుపడను.

ఇంకో తేడా కాళ్లకు తెలుస్తుంది. ఇక్కడ పున్నమికీ అమావాస్యకీ నీళ్లు మీటరు, మీటరున్నర దాకా ఎక్కి దిగుతాయి. అక్కడ పోటూ పాటూ కలిపి జానెడు. పొద్దున్న నీటి అంచున పెట్టిన చెప్పులు సాయంత్రానికీ నీటి అంచునే ఉంటాయి. సముద్రం ఊపిరి తీయడం లేదేమో అనిపించింది మొదట్లో. ఈ జానెడు పోటుకీ అక్కడి చట్టానికీ ఒక సంబంధం ఉంది. అదీ తర్వాత చెబుతాను.

రూకునాస్ దగ్గర కాస్త ఆగుదాం. దీవిలో పొడవైన ఇసుకతీరం అదే. లేత పసుపు ఇసుక. పాతిక కిలోమీటర్ల అవతల శాంటొరినిలో ఇసుక నల్లగా ఉంటుంది, ఎందుకంటే అది అగ్నిపర్వతం నోటి అంచు. అక్కడి ఇసుక లావా పొడి. అనాఫీ రాయి వేరు, కాబట్టి ఇసుకా వేరు. తీరం వెనక తమారిస్క్ చెట్లు. వాళ్లు "అర్మిరీకి" అంటారు. దూరం నుంచి చూస్తే మన సరుగుడే అనుకుంటారు, అంత సన్నటి ఆకు. ఉప్పునీళ్లు తాగి బతుకుతుంది, ఆకులమీద ఉప్పు చెమటలా పడుతుంది. ఆ చెట్లే లేకపోతే అక్కడ నీడంటూ లేదు.

ఆ చెట్ల కింద గుడారాలున్నాయి. గ్రీసు చట్టం తీరాల మీద గుడారాలు వేయడాన్ని ఒప్పుకోదు. కానీ రూకునాస్‌లో దశాబ్దాలుగా వేస్తూనే ఉన్నారు, ఊరు చూసీ చూడనట్టు ఉంటోంది. ఒక చెట్టు కింద యాభై దాటిన దంపతులు కాఫీ కాచుకుంటున్నారు. ఉత్తరాన థెస్సలోనికి నుంచి వచ్చారట. చదువుకునే రోజుల్లో మొదటిసారి వచ్చారు, అప్పటినుంచి దాదాపు ప్రతి వేసవీ వస్తున్నారు, అదే చెట్టు కిందికి. ఆయన చెట్టు మొదలుని అరచేత్తో తట్టి చూపించాడు, ఇంటి పశువును తట్టినట్టు. మేము ముందుకు నడిచి మఠం దాకా పోతామని చెబితే ఆవిడ మా చేతుల్లోని నీళ్ల సీసాలు చూసి తల అడ్డంగా ఊపింది. తమ క్యానులోంచి మరో రెండు సీసాలు నింపి ఇచ్చింది. ఆ క్యాను వాళ్లు పైనుంచి మోసుకొచ్చిన నీళ్లు. డబ్బులు తీసుకోమంటే నవ్వింది. మేగాస్ పొతామోస్ చేరేసరికి ఆ సీసాలూ ఖాళీ అయ్యాయి. వాళ్లివ్వకపోతే మా చెల్లెలికి ఆ ఎండలో ఏమయ్యేదో, ఇప్పటికీ తలుచుకుంటే భయమేస్తుంది.

రూకునాస్ పడమటి చివర నీటి అంచున గోధుమరంగు రిబ్బన్ల లాంటి ఎండుటాకులు మోకాలెత్తు పేరుకుపోయి ఉన్నాయి. పైన కొబ్బరిపీచు చుట్టినట్టు గుండ్రటి ఉండలు. కొత్తగా వచ్చినవాళ్లు చెత్త అనుకుంటారు. పెద్ద పర్యాటక తీరాల్లో యంత్రాలు పెట్టి మరీ తోడిపోస్తారు. అది పొసిదోనియా అనే సముద్రపు గడ్డి. నాచు కాదు, వేరు, కాడ, ఆకు, పువ్వు ఉన్న నిజమైన మొక్క, నీళ్ల అడుగున పచ్చికబయళ్లలా పెరుగుతుంది. ఈ జాతి మధ్యధరాలో తప్ప మరెక్కడా లేదు. చేపపిల్లలకు అదే పురిటిల్లు. రాలిన ఆకులు ఒడ్డున అలా మెత్తగా పేరుకుంటే చలికాలపు అలలు వచ్చి వాటిని కొడతాయి, ఇసుకను కాదు. ఆ "చెత్త" ఎత్తేసిన తీరం కొన్నేళ్లకు సన్నబడిపోతుంది. రూకునాస్‌లో దాన్ని ఎవరూ ఎత్తలేదు. ఒక కుర్రాడు దానిమీదే దుప్పటి పరుచుకుని పడుకున్నాడు. నాకు ఆ తీరంలో అన్నిటికన్నా అందంగా కనిపించింది ఆ ఎండుటాకుల గుట్టే. ఫోటోల్లో దాన్ని చూస్తే మీకు అలా అనిపించకపోవచ్చు. అనిపించాలని నా కోరిక.

కతాలిమాత్సా దగ్గర ప్రాచీనుల రేవు ఉండేది. డోరియన్ గ్రీకుల ఊరు పైన కాస్తెల్లి కొండ మీద. వాళ్ల ఓడలు ఇక్కడికి వచ్చేవి. ఇప్పుడు రాళ్ల వరస తప్ప ఏమీ లేదు. కాసేపు కూర్చుని కదిలాం.

మేగాస్ పొతామోస్ అంటే పెద్ద ఏరు. మన పల్లెల్లో పెద్దేరు అంటామే, అచ్చం అదే. వెళ్లి చూస్తే ఎండిన రాళ్ల వాగు! వానాకాలంలో నాలుగు రోజులు పారుతుందేమో. నీళ్లు లేని దీవిలో ఎప్పుడో ఒకసారి పారే వాగు కూడా పెద్దేరే. ఆ పేరు పెట్టినవాళ్ల దాహం ఆ పేరులో ఉంది. అక్కడ ఆ మధ్యాహ్నం ఇసుక మీద మేమిద్దరమే ఉన్నాం. ఇసుక నిండా మేకల గిట్టల గుర్తులు. తొక్కని తీరమంటే ఇదా అనుకున్నాను.

చివరన కాలమోస్. సముద్రంలోంచి నిటారుగా 450 మీటర్లకు పైగా లేచిన ఒంటిరాయి. జిబ్రాల్టర్ తర్వాత మధ్యధరాలో ఇంత పెద్ద ఏకశిల లేదని అనాఫీవాళ్లు గర్వంగా చెబుతారు. దాని మొదట్లో మఠం ఉంది. ఆ మఠం కట్టిన చోటు ఏదనుకున్నారు? అపోలో గుడి. మెరుపు చూపించిన అపోలోకి ఆ గుడి కట్టారు, "ఐగ్లేతిస్" అంటే మెరిసేవాడనే పేరుతో. ఆ గుడి పాలరాతి దిమ్మెల్నే మఠం గోడల్లో పేర్చారు. వేలుతో తడిమి చూడొచ్చు. గుడి పోయింది, దేవుడు మారాడు, రాయి మారలేదు.

మేము వెళ్లింది మేరీమాత పండుగకు. సెప్టెంబరు 8. ముందురోజు సాయంత్రం నుంచే దీవి దీవంతా మఠానికి కదిలింది. ఏథెన్సులో స్థిరపడినవాళ్లూ ఈ ఒక్కరోజు కోసం ఓడెక్కి వస్తారు. కొందరు మేము నడిచిన కాలిబాటనే నడిచి వచ్చారు, చేతుల్లో చంటిపిల్లలతో. ప్రార్థన అయ్యాక వచ్చినవాళ్లందరికీ భోజనం. ఎవరు, ఏ ఊరు అని అడగలేదు. మమ్మల్ని బల్ల దగ్గర సర్దుకుని కూర్చోబెట్టారు. తర్వాత వయొలిన్, లావూతో అనే తంత్రీవాద్యం, తెల్లవార్లూ ఆట. మనవైపు తిరునాళ్లు చూసినవాళ్లకు అది కొత్త కాదు. దేవుడికి నీళ్లు పోసిన తీరం నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఏమీ లేనిచోట ఉన్నదాన్నే అందరూ పంచుకుంటారు.

ఇక్కడ ఒక చీకటి సంగతి చెప్పకుండా ముందుకు పోతే అది మోసమవుతుంది. ఈ తీరాలు జైలుగోడలుగా కూడా పనిచేశాయి. 1936 ఆగస్టులో గ్రీసు ప్రధాని మెటాక్సాస్ నియంతగా మారాక కమ్యూనిస్టుల్ని, ప్రభుత్వాన్ని ప్రశ్నించినవాళ్లని దూరపు దీవులకు పంపించేశారు. అనాఫీ అందులో ఒకటి. ఓడలు అరుదు, నీళ్లు తక్కువ, ఈదిపోవడానికి దగ్గర్లో ఒడ్డు లేదు. ఇంతకన్నా జైలు ఏం కావాలి? ఆ ప్రవాసులు తమలో తాము ఒక సమష్టి బతుకు ఏర్పరచుకున్నారు. వంట కలిపి, పని పంచుకుని, చదువు చెప్పుకుని బతికారు. మనం "ఏకాంతం" అని మురిసేదే వాళ్లకు శిక్ష. రూకునాస్ ఇసుకలో కూర్చుని శూన్యంగా ఉన్న సముద్రాన్ని చూసినప్పుడు ఇద్దరి చూపులూ ఒకేసారి ఉండాలి మనలో. లేకపోతే మనం చూసింది బొమ్మే, ఊరు కాదు.

ఇప్పుడు చట్టం సంగతి. 2023 వేసవిలో పారోస్ దీవి జనం తువ్వాళ్లు పట్టుకుని తీరాల మీదికి ఊరేగింపుగా వెళ్లారు. కారణం ఏమిటంటే, అద్దె కుర్చీల వరసలు పెరిగి పెరిగి సొంత ఊరివాళ్లకే తువ్వాలు పరుచుకోవడానికి జాగా లేకుండా పోయింది. పత్రికలు దాన్ని తువ్వాళ్ల ఉద్యమం అన్నాయి. మరుసటి ఏడాది కొత్త చట్టం వచ్చింది. అద్దెకిచ్చే తీరంలో కనీసం సగం ఖాళీగా వదలాలి, రక్షిత ప్రాంతాల్లో 70 శాతం వదలాలి, నీటి అంచు నుంచి నాలుగు మీటర్ల దాకా కుర్చీ పడకూడదు. మొదట్లో చెప్పిన 198 తీరాల జాబితా ఆ వరసలోనే వచ్చింది. నేను ఆ జాబితాను మనసారా మెచ్చుకుంటాను. పేరు మాత్రం తప్పు పెట్టారంటాను. తువ్వాలు పట్టుకుని వెళ్లినవాళ్లు తీరాన్ని తొక్కవద్దని అడగలేదు. మమ్మల్ని తొక్కనివ్వండి అని అడిగారు.

తీరం అందరిదీ అనే మాట గ్రీసులో కొత్తది కాదు. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి న్యాయస్మృతిలోనే ఉంది: గాలి, పారే నీరు, సముద్రం, సముద్రపు ఒడ్డు ప్రకృతి ధర్మం ప్రకారం అందరివీ. ఒడ్డు ఎక్కడిదాకా? చలికాలంలో పెద్ద అల ఎక్కడిదాకా ఎక్కితే అక్కడిదాకా. ఇప్పటి గ్రీసు చట్టం కూడా ఇంచుమించు అలాగే అల ఎక్కిన మేర చూసి కొలుస్తుంది. ఎందుకో మీకు ఇప్పుడు తెలుసు. పోటు జానెడే ఉన్నచోట పోటును బట్టి గీత గీయలేరు, అలను బట్టే గీయాలి. మనకు 1991 నుంచి తీర నియంత్రణ నిబంధనలున్నాయి. మనం పోటుగీత నుంచి కొలుస్తాం, ఎందుకంటే మన సముద్రం ఊపిరి పెద్దది. పిల్లలూ, ఈసారి బీచికి వెళ్లినప్పుడు ఆ గీత ఎక్కడుందో చూడండి. తడిసిన గవ్వలు, ఎండిన చెత్త కలిసే వరస ఉంటుంది. ఆ గీతకు ఇవతల ఎవరేం కడుతున్నారో కూడా చూడండి.

మేము తిరిగొచ్చిన తర్వాత, 2025 జనవరి చివర, ఫిబ్రవరిలో, శాంటొరిని, అమోర్గోస్, అనాఫీల మధ్య సముద్రం అడుగున వేలకొద్దీ భూకంపాలు వచ్చాయి. బడులు మూసేశారు. శాంటొరిని నుంచి వేలమంది వెళ్లిపోయారు. అక్కడ పెద్దలకు 1956 జులై గుర్తుంది, పెద్ద భూకంపం, దాని వెంట సునామీ. నేను రోజూ పొద్దున్నే వార్తలు చూసుకునేదాన్ని, సొంత ఊరి తుఫాను వార్తలు చూసినట్టు. ఆరు రోజుల పరిచయానికి అంత బెంగ ఎందుకో చెప్పలేను.

ఇంటామె గురించి చెప్పి ముగిస్తాను. చివరిరోజు ఓడ రాత్రికి. పొద్దున్నే ఆమె గడ్డిటోపీతో బయల్దేరుతుంటే మా ఇద్దరినీ కూడా రమ్మంది. క్లిసీదిలో అప్పటికే ఆమె ఈడు ఆడవాళ్లు నలుగురు మెడలోతు నీళ్లలో నిలబడి, టోపీలు తీయకుండా కబుర్లు చెప్పుకుంటున్నారు. రేవు దగ్గర అమ్మలక్కల కబుర్లే, నీళ్లలో. మేము ఎప్పటిలా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి మోకాళ్ల దాకా దిగి ఆగాం. ఆమె వెనక్కి తిరిగి, మీ ఊళ్లో సముద్రం లేదా అని సైగలతో, పది మాటలతో అడిగింది. ఉంది అన్నాను. ఇల్లు దాటితే సముద్రమే అన్నాను. మరి ఈదరా అంది.

ఏం చెప్పను? మా నాన్నకి నాటుపడవలవాళ్లందరూ తెలుసు. మేం ఆడపిల్లలం మాత్రం అరవై ఏళ్లుగా మోకాళ్లు దాటి ఆ నీళ్లలోకి పోలేదు. లోపలికి లాగేసే ప్రవాహాలుంటాయి, నిజమే, ప్రతి ఏడూ మన తీరాన పిల్లలు పోతున్నారు. కానీ నేర్పినవాళ్లూ లేరు, పొమ్మన్నవాళ్లూ లేరు. ఆ సంగతి ఆమెకు సైగలతో చెప్పడానికి నాకు చేతకాలేదు.

ఆమె వచ్చి మా చెల్లెలి చేయి పట్టుకుంది. నడుంలోతుకి తీసుకెళ్లింది. వీపు కింద ఒక అరచెయ్యి, మెడ కింద ఒక అరచెయ్యి పెట్టి వెల్లకిలా పడుకోమంది. ఆ సముద్రంలో లీటరుకి 39 గ్రాముల దాకా ఉప్పుంటుంది, మన తీరంకన్నా ఎక్కువ. మనిషిని తేలిగ్గా మోస్తుంది. ఈ లెక్క నేను పాతికేళ్లు పిల్లలకు నల్లబల్ల మీద రాసి చెప్పాను. మా చెల్లెలు కళ్లు గట్టిగా మూసుకుని, నీళ్లలో చీర కొంగు పూవులా విచ్చుకుని, తేలింది. ఆమె ఒక చెయ్యి తీసేసింది. కాసేపటికి రెండోది కూడా తీసేసింది. మా చెల్లెలికి తెలియదు. "అక్కా, వదిలేస్తుందేమో చూడవే" అంటోంది. వదిలేసి చాలాసేపైందని నేను చెప్పలేదు.